సీటీ డోస్ సిమ్యులేషన్‌ను నమ్మొచ్చో లేదో మీరే సరిచూసుకోవడం ఎలా?

“సిమ్యులేషన్ పూర్తయింది, నంబరు వచ్చింది. అది సరైనదేనని ఎలా తెలుస్తుంది?” సీటీ స్కాన్‌లో ఒంటికి అందే రేడియేషన్ డోస్‌ను మాంటీ కార్లో పద్ధతిలో (ఒక్కో ఫోటాన్ దారిని యాదృచ్ఛిక సంఖ్యలతో అనుకరిస్తూ) లెక్కగట్టే పీజీ విద్యార్థులు, కొత్తగా మెడికల్ ఫిజిక్స్‌లోకి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నేను ఏ వరసలో సరిచూసుకుంటానో మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. చివర్లో వచ్చిన ఒక్క నంబరు కొలతతో కలిసిందని నిశ్చింతగా ఉండకండి. నేను అలాగే దెబ్బతిన్నాను. 32 సెంటీమీటర్ల బాడీ ఫాంటమ్‌లో (ఒంటికి బదులు వాడే, కొలిచే రంధ్రాలున్న అక్రిలిక్ దిమ్మ) 100 ఎంఏఎస్‌కి (ట్యూబ్ కరెంటు, సమయాల లబ్ధం) నేను కొలిచింది మధ్య రంధ్రంలో 4.2 మిల్లీగ్రే, అంచు రంధ్రాల సగటు 8.4. సీటీడీఐ అనేది సీటీ డోస్‌కు వాడే ప్రామాణిక సూచిక. దాని సగటు రూపమైన సీటీడీఐడబ్ల్యూ అంటే మధ్య విలువలో మూడో వంతు, అంచు సగటులో మూడింట రెండు వంతులు కలిపితే వచ్చేది. అది 7.0 వచ్చింది. సిమ్యులేషన్‌లోనూ సరిగ్గా 7.0. ఇంకేం కావాలనుకుని మూడు వారాలు అదే మోడల్‌తో అవయవాల డోస్ లెక్కలు వేశాను. తర్వాత రంధ్రాలను విడివిడిగా చూస్తే సిమ్యులేషన్‌లో మధ్యన 3.8, అంచుల్లో 8.6. అంటే మధ్యన 9.5 శాతం తక్కువ, అంచుల్లో 2.4 శాతం ఎక్కువ. ఆ రెండు తప్పులూ కలిసి సగటును చక్కగా 7.0 దగ్గర నిలబెట్టాయి. ఒంట్లో లోతుగా ఉండే అవయవాలకు నేను వేసిన లెక్కలన్నీ తక్కువే. మళ్లీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది.

అందుకే కింది పద్ధతిలో ప్రతి మెట్టునూ విడిగా సరిచూస్తాం. ఒక మెట్టు తేలకుండా పై మెట్టు ఎక్కకండి.

ఏమేం కావాలి

- మాంటీ కార్లో కోడ్ ఒకటి. జియాంట్4, దాని మీద నడిచే గేట్, ఈజీఎస్‌ఎన్‌ఆర్‌సీ, ఎంసీఎన్‌పీ, పెనెలోప్‌లలో మీకు చేయి తిరిగినది ఏదైనా సరే. కోడ్ మారిస్తే ఖచ్చితత్వం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో తేడా కోడ్‌లో కన్నా మనం దానికిచ్చే వివరాల్లోనే ఎక్కువ.
- ఎక్స్‌రే స్పెక్ట్రమ్ (ఏ శక్తి ఫోటాన్లు ఎన్నున్నాయో చెప్పే వివరం) తయారు చేసే సాఫ్ట్‌వేర్. స్పెక్‌పై ఉచితంగా దొరుకుతుంది, పైథాన్‌లో నడుస్తుంది.
- 16, 32 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న అక్రిలిక్ సీటీడీఐ ఫాంటమ్‌లు.
- 100 మిల్లీమీటర్ల పెన్సిల్ అయాన్ చాంబర్ (రేడియేషన్‌ను కొలిచే సన్నని గొట్టం), దాని రీడింగ్ చూపే ఎలక్ట్రోమీటర్, గడువు దాటని కాలిబ్రేషన్ సర్టిఫికెట్.
- మందం కచ్చితంగా తెలిసిన, స్వచ్ఛత ఎక్కువున్న అల్యూమినియం రేకులు.
- థర్మామీటర్, బారోమీటర్.
- స్కాన్ తాలూకు డైకామ్ ఫైళ్లు (చిత్రాలు, వాటి వివరాలు ఉండేవి), వాటితోపాటు స్కానర్ ఇచ్చే డోస్ రిపోర్టు.

స్కానర్ అందుబాటులో లేనివాళ్లు కింది మెట్లలో 1వది, 6వది మాత్రమైనా పూర్తిగా చేయగలరు. మిగతావాటికి అదే మోడల్ స్కానర్‌పై ఎవరైనా కొలిచి ప్రచురించిన విలువలు వాడుకోవచ్చు. కానీ అప్పుడు మీ ఫలితం ఆ మోడల్‌కు వర్తిస్తుందే తప్ప ఫలానా యంత్రానికి కాదు. ఆ సంగతి రిపోర్టులో రాయండి.

జాగ్రత్త: కొలతలు తీసేటప్పుడు స్కానర్ బాధ్యత చూసే ఫిజిసిస్ట్ అనుమతి, తోడు రెండూ ఉండాలి. ఎక్స్‌పోజర్ సమయంలో గదిలో ఎవరూ ఉండకూడదు. ట్యూబ్‌ను ఒకే చోట నిలిపే సర్వీస్ మోడ్‌ను శిక్షణ ఉన్నవాళ్లే తెరవాలి.

మెట్టు 1: ముందు కోడ్‌ను పరీక్షించండి, స్కానర్‌ను కాదు

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిసిస్ట్స్ ఇన్ మెడిసిన్ (ఏఏపీఎం) వాళ్ల టాస్క్ గ్రూప్ 195 ఈ పని కోసమే 2015లో ఒక రిపోర్టు ఇచ్చింది. అందులో జ్యామితి, పదార్థాలు, స్పెక్ట్రమ్ అన్నీ ముందే నిర్ణయించి ఉంటాయి. వేర్వేరు కోడ్‌లతో వచ్చిన జవాబులూ ఉంటాయి. సీటీకి సంబంధించిన లెక్కలు కూడా ఉన్నాయి. వాటిని ఉన్నదున్నట్టుగా మీ కోడ్‌లో కట్టి నడపండి.

మీ జవాబు అక్కడి జవాబుతో 1 నుంచి 2 శాతం లోపు కలవాలి. కలవకపోతే ముందు ఇవి చూడండి: పదార్థాల సాంద్రత, కూర్పు, ర్యాలీ స్కాటరింగ్ (శక్తి కోల్పోకుండా ఫోటాన్ చెదరడం) పొరపాటున ఆఫ్ అయిందా, జమైన శక్తిని సరైన ద్రవ్యరాశితో భాగిస్తున్నారా. జియాంట్4 వాడేవాళ్లు తక్కువ శక్తులకు తగిన ఫిజిక్స్ లిస్ట్ ఎంచుకున్నారో లేదో చూసుకోండి. అందులో ప్రొడక్షన్ కట్ (ఇంతకన్నా తక్కువ దూరం వెళ్లే కణాలను విడిగా వెంబడించని హద్దు) డిఫాల్ట్‌గా 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నని పొరల్లో డోస్ లెక్కిస్తుంటే అది సరిపోదు.

ఎలక్ట్రాన్లను కూడా వెంబడించాలా అని అడుగుతారు. మెత్తని కణజాలంలో అవసరం లేదు. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ నీటిలో ప్రయాణించేది 0.14 మిల్లీమీటర్లే. కాబట్టి కెర్మానే, అంటే కిలో పదార్థంలో ఫోటాన్లు ఎలక్ట్రాన్లకు అందించిన శక్తినే, డోస్‌గా తీసుకోవచ్చు, బోలెడు సమయం కలిసొస్తుంది. ఎముక మజ్జ దగ్గర మాత్రం ఈ అడ్డదారి పనికిరాదు. ఎముకలోని ఖాళీలు చాలా చిన్నవి, వాటికి వేరే సవరణ కావాలి.

మెట్టు 2: స్పెక్ట్రమ్‌ను హెచ్‌వీఎల్‌తో కట్టేయండి

స్కానర్ లోపలి ఫిల్టర్ల వివరాలు కంపెనీలు సులభంగా ఇవ్వవు. ఇవ్వకపోయినా పని ఆగదు. ట్యూబ్‌ను నిలిపి ఉంచి, చాంబర్ ముందు అల్యూమినియం రేకులు ఒక్కొక్కటే పెంచుతూ రీడింగ్ సగానికి పడిపోయే మందం కనుక్కోండి. అదే హెచ్‌వీఎల్. 120 కేవీ (ట్యూబ్ వోల్టేజీ) దగ్గర చాలా స్కానర్లలో అది 7 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య వస్తుంది. తర్వాత స్పెక్‌పైలో ఫిల్టర్ మందాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ అదే హెచ్‌వీఎల్ వచ్చే స్పెక్ట్రమ్‌ను ఎంచుకోండి.

సర్వీస్ మోడ్ దొరక్కపోతే స్కౌట్ (స్కాన్‌కు ముందు తీసే మామూలు ఎక్స్‌రే లాంటి చిత్రం) తీసే పద్ధతి వాడుకోవచ్చు. అప్పుడు కూడా ట్యూబ్ తిరగదు. చాంబర్‌ను మాత్రం కదిలే టేబుల్ మీద పెట్టకుండా స్టాండుకు బిగించండి. ఆ పద్ధతిలో ఏ బౌటై ఫిల్టర్ (దీని గురించి మెట్టు 3లో చూడండి) అడ్డం వస్తుందో ముందే కనుక్కోండి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే, కానీ పెద్దది. రేకులను చాంబర్‌కు ఆనించి పెడతారు. రేకుల్లో చెదిరిన ఫోటాన్లు కూడా చాంబర్‌లో పడి హెచ్‌వీఎల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రేకులు ట్యూబ్ దగ్గర, చాంబర్ దూరంగా, కిరణపుంజం సన్నగా ఉండాలి. నా 7.0 కథలో తప్పు దీనికి తలకిందులు. 120 కేవీకి బదులు వేరే కేవీకి తయారుచేసిన, తక్కువ చొచ్చుకుపోయే స్పెక్ట్రమ్ ఫైలు వాడేశాను. ఫైలు పేరులో కేవీ, ఫిల్టర్, తేదీ రాసి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కావు.

మెట్టు 3: బౌటై ఆకారం

బౌటై ఫిల్టర్ మధ్యలో పల్చగా, పక్కలకు మందంగా ఉంటుంది. ఒంటి అంచుల మీద పడే కిరణాలను తగ్గించడమే దాని పని. దీన్ని తప్పుగా పెడితే చర్మం, రొమ్ము లాంటి పైపై అవయవాల డోస్ తప్పుతుంది.

ట్యూబ్‌ను పక్కన, అంటే మూడు గంటల స్థానంలో నిలిపి, చాంబర్‌ను ఐసోసెంటర్ (ట్యూబ్ తిరిగే వలయం కేంద్రం) నుంచి నిలువుగా 1 లేదా 2 సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ రీడింగులు తీయండి. ప్రతి రీడింగ్‌లో దూరం వల్ల వచ్చే తగ్గుదలను తీసేయాలి. మిగిలేది బౌటై ప్రభావం. ఒక్కో కోణంలో ఎంత అల్యూమినియం అడ్డం ఉంటే అంత తగ్గుతుందో లెక్కగట్టి ఆ ఆకారాన్ని మోడల్‌లో పెట్టేయండి. అసలు ఫిల్టర్ ఏ పదార్థంతో చేశారో తెలియకపోయినా సరిపోతుంది.

హెడ్ బౌటై, బాడీ బౌటై వేరు. పిల్లల ప్రోటోకాల్‌కు మూడోది కూడా ఉండొచ్చు. దేనికి ఏది వస్తుందో మాన్యువల్‌లో చూసి రాసుకోండి.

మెట్టు 4: గాలిలో నార్మలైజేషన్

సిమ్యులేషన్ ఇచ్చేది ఒక ఫోటాన్‌కు ఎంత డోస్ అన్నది. మనకు కావాల్సింది 100 ఎంఏఎస్‌కు ఎన్ని మిల్లీగ్రే అన్నది. ఈ రెంటినీ కలిపే వంతెన గాల్లో తీసిన కొలత.

ఫాంటమ్ లేకుండా, టేబుల్ అడ్డం రాకుండా, ఐసోసెంటర్‌లో పెన్సిల్ చాంబర్ పెట్టి ఒక రొటేషన్ కొలవండి. అదే అమరికను సిమ్యులేట్ చేయండి. కొలిచిన విలువను సిమ్యులేషన్ విలువతో భాగిస్తే వచ్చేదే మీ మార్పిడి గుణకం. ప్రతి కేవీకి, ప్రతి బౌటైకి, ప్రతి కాలిమేషన్‌కు (కిరణపుంజం వెడల్పు సెట్టింగ్) ఇది విడిగా కావాలి. 120 కేవీ గుణకాన్ని 100 కేవీకి వాడితే ఏ మెట్టూ మిమ్మల్ని కాపాడదు.

చాంబర్ రీడింగ్‌కు ఉష్ణోగ్రత, పీడనం దిద్దుబాటు మరవకండి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న చోట గాలి పీడనం సుమారు 91 కిలోపాస్కల్స్ ఉంటుంది. అక్కడ దిద్దుబాటు చేయకపోతే రీడింగ్ 10 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. తర్వాత ఆ తేడాను స్పెక్ట్రమ్‌లో వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఇంకో సంగతి. అసలు కిరణపుంజం వెడల్పు కన్సోల్‌లో రాసి ఉన్న కాలిమేషన్ కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది. దీన్నే ఓవర్‌బీమింగ్ అంటాం. గాలి కొలతతో నార్మలైజ్ చేస్తే మొత్తం ఫోటాన్ల లెక్క సర్దుకుంటుంది గానీ, పుంజం అంచులు సరిపోవు. అవకాశం ఉంటే ఫిల్మ్‌తో అసలు వెడల్పు కొలిచి అదే మోడల్‌లో పెట్టండి.

మెట్టు 5: ఫాంటమ్‌లో ఐదు రంధ్రాలు, ఐదు విలువలు

అసలు పరీక్ష ఇదే. దీనికి కావాల్సినంత సమయం ఇవ్వండి.

ఫాంటమ్‌ను లేజర్ గీతలతో సరిగ్గా మధ్యకు తెచ్చి, మధ్య రంధ్రంలో, 12, 3, 6, 9 గంటల స్థానాల్లోని అంచు రంధ్రాల్లో కొలవండి. చాంబర్ లేని రంధ్రాల్లో అక్రిలిక్ కడ్డీలు ఉండాలి. ప్రతి కొలతా కనీసం మూడుసార్లు. అంచు రంధ్రాల దగ్గర ట్యూబ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి విలువ కాస్త మారుతుంది, సగటు తీసుకోండి.

సిమ్యులేషన్‌లో ఇదే అమరికను కట్టేటప్పుడు రెండు చోట్ల చాలామంది జారిపోతారు.

మొదటిది, డోస్‌ను ఎందులో లెక్కించాలి అన్నది. సీటీడీఐ అనేది గాలికి అందిన డోస్. చాంబర్ కాలిబ్రేషన్ కూడా గాలికే. సిమ్యులేషన్‌లో రంధ్రాన్ని అక్రిలిక్‌తో నింపి అక్రిలిక్ డోస్ తీస్తే, ఈ శక్తుల దగ్గర 20 శాతం చుట్టూ, స్పెక్ట్రమ్‌ను బట్టి అంతకన్నా కూడా, తక్కువ వస్తుంది.

రెండోది, పొడవు. చాంబర్ కొలిచేది 100 మిల్లీమీటర్లే. సిమ్యులేషన్‌లో ఫాంటమ్ మొత్తం పొడవునా డోస్ కూడేస్తే చెదిరిన కిరణాల తోకలన్నీ అందులోకి వస్తాయి. 32 సెంటీమీటర్ల ఫాంటమ్ మధ్యలో ఆ తోకల వాటా చిన్నదేం కాదు. కొలత 100 మిల్లీమీటర్లదైతే లెక్కా 100 మిల్లీమీటర్లకే ఉండాలి.

ఇప్పుడు ఐదు రంధ్రాల్లోనూ సిమ్యులేషన్‌ను కొలతతో భాగించి ఒక వరసలో రాసుకోండి. తప్పు ఎక్కడుందో ఆ వరసే చెబుతుంది:

- ఐదూ ఒకే నిష్పత్తిలో ఎక్కువో తక్కువో ఉంటే నార్మలైజేషన్ తప్పు. మెట్టు 4కి వెళ్లండి.
- మధ్యన తక్కువ, అంచుల్లో కొంచెం ఎక్కువ ఉంటే స్పెక్ట్రమ్ చొచ్చుకుపోయే శక్తి తక్కువైంది. తలకిందులుగా ఉంటే ఎక్కువైంది. అక్రిలిక్ సాంద్రతను కూడా ఓసారి చూడండి, 1.19కి దగ్గర్లో ఉండాలి.
- మధ్యన సరిపోయి అంచులు నాలుగూ తప్పితే బౌటై.
- 6 గంటల రంధ్రం ఒక్కటే సిమ్యులేషన్‌లో ఎక్కువ వస్తే మీరు టేబుల్‌ను మోడల్‌లో పెట్టలేదు. కింద నుంచి వచ్చే కిరణాలను టేబుల్ కొంత ఆపుతుంది.
- 3, 9 గంటల విలువలు కొలతలోనే వేర్వేరుగా ఉంటే ఫాంటమ్ మధ్యలో లేదు. సిమ్యులేషన్‌ను సర్దకండి, మళ్లీ కొలవండి.

నేను పెట్టుకున్న హద్దు ఒక్కో రంధ్రానికి 5 శాతం. సగటుకు కాదు, ఒక్కో రంధ్రానికి. 16 సెంటీమీటర్ల ఫాంటమ్‌లోనూ, కనీసం ఇంకో కేవీలోనూ ఇదే పరీక్ష చేయండి. ఒక్క సైజులో కలిసి ఇంకో సైజులో కలవలేదంటే ఎక్కడో రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటున్నాయని అర్థం.

కన్సోల్ చూపించే సీటీడీఐవాల్‌తో (స్కానర్ తానే లెక్కగట్టి చూపే డోస్ సూచిక) కలిసింది కదా, కొలత ఎందుకు అంటారు కొందరు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ గుర్తింపు పరీక్షల్లోనే కన్సోల్ విలువకూ కొలతకూ 20 శాతం దాకా తేడాను ఒప్పుకుంటారు. అంత వదులుగా ఉన్న కొలబద్దతో 5 శాతం తప్పును పట్టుకోలేం.

మెట్టు 6: ఫోటాన్లు చాలినన్ని ఉన్నాయా?

గణాంక అనిశ్చితి ఫోటాన్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. 4 శాతం ఉన్నదాన్ని 1 శాతానికి తేవాలంటే 16 రెట్లు ఫోటాన్లు కావాలి. కాలేయం లాంటి పెద్ద అవయవానికి తొందరగా తేలిపోతుంది. కంటి లెన్స్, థైరాయిడ్, అండాశయం లాంటి చిన్నవాటిని చూసి రన్ సమయం నిర్ణయించండి.

పదిసార్లు వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే విలువ) నడిపి, ఆ పది జవాబుల చెదురు ఎంతుందో చూడండి. కోడ్ చెప్పే అనిశ్చితితో అది పొసగాలి. క్లస్టర్ మీద వంద జాబులు పంపి అన్నింటికీ ఒకే సీడ్ ఇచ్చినవాళ్లను చూశాను. వంద జాబులూ ఒకే జవాబు ఇస్తాయి, అనిశ్చితి సున్నా అనిపిస్తుంది, నిజానికి నడిచింది ఒక్క జాబే.

ఇంకో విషయం గుర్తుంచుకోండి. గణాంక అనిశ్చితి 0.5 శాతం అంటే జవాబు 0.5 శాతం లోపు సరైనదని కాదు. తప్పుడు మోడల్‌ను ఎన్ని కోట్ల ఫోటాన్లతో నడిపినా అది తప్పు జవాబునే స్థిరంగా ఇస్తుంది.

మెట్టు 7: హెలికల్ స్కాన్

హెలికల్ అంటే ట్యూబ్ తిరుగుతుండగా టేబుల్ కూడా కదులుతూ తీసే స్కాన్. పిచ్ అంటే ఒక రొటేషన్‌లో టేబుల్ కదిలిన దూరాన్ని మొత్తం కాలిమేషన్‌తో భాగించినది. మోడల్ సరిగా ఉందో లేదో తేల్చే చిన్న పరీక్ష ఉంది. రొటేషన్‌కు ఎంఏఎస్‌ను అలాగే ఉంచి పిచ్ రెట్టింపు చేయండి. పొడవాటి ఫాంటమ్ నడిమధ్య సగటు డోస్ సగం కావాలి. కాకపోతే నార్మలైజేషన్‌లో రొటేషన్ల సంఖ్య ఎక్కడో తప్పింది.

ఎంఏఎస్ దగ్గర బాగా జాగ్రత్త. కొన్ని కంపెనీల కన్సోల్ చూపించేది ఎఫెక్టివ్ ఎంఏఎస్, అంటే పిచ్‌తో ముందే భాగించినది. దాన్ని మీరు మళ్లీ పిచ్‌తో భాగిస్తే, పిచ్ 1.4 ఉన్నచోట డోస్ దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. సందేహం ఉంటే డైకామ్ హెడర్‌లో ట్యూబ్ కరెంటు, రొటేషన్ సమయం చూసి మీరే గుణించి పోల్చుకోండి.

స్కాన్ పొడవును చిత్రాల సంఖ్యతో లెక్కగట్టకండి. హెలికల్‌లో మొదటి, చివరి చిత్రాలు కట్టడానికి స్కానర్ రెండువైపులా అదనంగా ఎక్స్‌పోజ్ చేస్తుంది. దీన్నే ఓవర్‌రేంజింగ్ అంటాం. ఎంత అదనమో డోస్ రిపోర్టులోనే దొరుకుతుంది. డీఎల్‌పీని (సీటీడీఐవాల్‌ను స్కాన్ పొడవుతో గుణించినది) సీటీడీఐవాల్‌తో భాగించండి. ఉదాహరణకు డీఎల్‌పీ 480, సీటీడీఐవాల్ 12 అయితే పొడవు 40 సెంటీమీటర్లు. చిత్రాలు 35 సెంటీమీటర్లే ఉంటే 5 సెంటీమీటర్లు అదనం, ఒక్కో వైపు సుమారు రెండున్నర. ఛాతీ స్కాన్‌లో థైరాయిడ్ పుంజం లోపల పడుతుందా బయట ఉంటుందా అన్నది ఆ రెండున్నర సెంటీమీటర్లే తేలుస్తాయి.

ట్యూబ్ కరెంట్ మాడ్యులేషన్ (ఒంటి మందాన్ని బట్టి కరెంటు మారడం) ఉన్న స్కాన్‌లో ఎంఏను, అంటే ట్యూబ్ కరెంటును, స్థిరంగా పెట్టకండి. ప్రతి చిత్రం హెడర్‌లో ఉన్న ఎంఏ విలువను ఆ స్థానానికి ఇవ్వండి. అన్నిటి సగటు తీసి డోస్ రిపోర్టులోని సగటు ఎంఏతో పోల్చితే తప్పు చదివారో లేదో తెలిసిపోతుంది. చిత్రానికి ఒకే ఎంఏ ఉంటుంది కాబట్టి రొటేషన్ లోపల కోణాన్ని బట్టి మారే కరెంటు దీనిలో పట్టుబడదు. ఆ లోటును అనిశ్చితిలో కలుపుకోండి.

పిచ్ ఎక్కువైతే చర్మం దగ్గర డోస్ చారలు చారలుగా పడుతుంది. ట్యూబ్ మొదలైన కోణాన్ని బట్టి ఆ చారలు జరుగుతాయి. రొమ్ము, థైరాయిడ్, వృషణాలు లాంటి పైపై అవయవాలకు కనీసం నాలుగైదు మొదలు కోణాలతో నడిపి సగటుతోపాటు కనిష్ఠ, గరిష్ఠ విలువలూ ఇవ్వండి.

మెట్టు 8: మనిషి ఆకారపు ఫాంటమ్

అవకాశం ఉంటే మనిషి ఆకారంలో ఉండే ఫాంటమ్ లోపల చిన్న డోసిమీటర్లు పెట్టి కొలవండి. ఇక్కడ నా హద్దు 10 శాతం, పుంజం అంచున ఉన్న చోట్ల 20.

పెద్ద తప్పు డోసిమీటర్ల కాలిబ్రేషన్‌లోనే జరుగుతుంది. అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసిన ఓఎస్‌ఎల్ డోసిమీటర్లు (వెలుతురు వేసి చదివేవి) తక్కువ శక్తి ఎక్స్‌రేలకు చాలా ఎక్కువగా స్పందిస్తాయి. టీఎల్‌డీలు (వేడిచేసి చదివేవి) కూడా కొంత ఎక్కువే. కోబాల్ట్ కిరణాలతో చేసిన కాలిబ్రేషన్‌ను సీటీకి వాడకండి, సీటీ పుంజంలోనే చేయించండి. ఇంకొకటి, డోసిమీటర్ కొలిచేది ఒక బిందువు దగ్గర. దాన్ని అవయవం మొత్తం సగటుతో పోల్చకండి. సిమ్యులేషన్‌లోనూ అదే బిందువు దగ్గర విలువ తీయండి.

మెట్టు 9: అసలు మనిషి, లేదా రిఫరెన్స్ ఫాంటమ్

అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం (ఐసీఆర్‌పీ) 110వ పబ్లికేషన్‌లోని పురుషుడి వోక్సెల్ ఫాంటమ్ (చిన్న చిన్న దిమ్మెలతో కట్టిన కంప్యూటర్ శరీరం) ఎత్తు 176 సెంటీమీటర్లు, బరువు 73 కిలోలు. స్త్రీ 163 సెంటీమీటర్లు, 60 కిలోలు. కోడ్‌లోకి ఎక్కించాక మొదటి పనిగా మొత్తం బరువు, నాలుగైదు అవయవాల బరువు లెక్కించండి. అవి కలవకపోతే వోక్సెల్ కొలతలో, పదార్థాల పట్టికలో తప్పు ఉంది. పురుష ఫాంటమ్‌లో వోక్సెల్ 8 మిల్లీమీటర్ల మందం. చర్మం, కంటి లెన్స్ లాంటి సన్నని కణజాలానికి అది మరీ లావు. వాటి కోసం 2020లో వచ్చిన ఐసీఆర్‌పీ 145లోని మెష్ ఫాంటమ్‌లు వాడండి.

రోగి సొంత చిత్రాలతోనే ఫాంటమ్ కడుతుంటే మూడు చోట్ల కన్నేసి ఉంచండి.

హెచ్‌యూ విలువను (చిత్రంలో ఒక్కో చోట కిరణాలు ఎంత ఆగాయో చెప్పే సంఖ్య) బట్టి పదార్థం ఇచ్చేటప్పుడు, కాంట్రాస్ట్ ఎక్కించిన స్కాన్‌లో రక్తనాళాల హెచ్‌యూ పెరిగి కోడ్ వాటిని ఎముకగా తీసుకుంటుంది. నేను ఒకసారి పదార్థాల మ్యాప్‌ను రంగుల్లో వేసి చూస్తే బృహద్ధమని ఉన్నచోట ఎముక గొట్టం కనిపించింది. రన్ చేసే ముందు ఆ మ్యాప్‌ను కళ్లతో చూడటం రెండు నిమిషాల పని, తప్పకుండా చేయండి.

చిత్రాలు స్కాన్ చేసిన మేరకే ఉంటాయి. పైనా కిందా ఒళ్లు లేకపోతే అక్కడి నుంచి చెదిరి వచ్చే కిరణాలూ ఉండవు, ఓవర్‌రేంజింగ్ భాగం గాల్లో పడుతుంది. రెండు చివర్లా కనీసం 10 సెంటీమీటర్ల కణజాలం జోడించండి, లేదా రిఫరెన్స్ ఫాంటమ్ భాగాన్ని అతికించండి.

లావుగా ఉన్నవాళ్ల ఒళ్లు చిత్రం చట్రంలో పట్టక అంచులు తెగిపోతాయి. ఆ తెగిన భాగం కూడా కిరణాలను ఆపేదే. పెద్ద ఫీల్డ్ ఆఫ్ వ్యూతో మళ్లీ రీకన్‌స్ట్రక్ట్ చేయించండి.

వచ్చిన జవాబు అసలు నమ్మదగ్గ పరిధిలో ఉందా అని చూడటానికి రెండు తేలికైన లెక్కలున్నాయి. ఒకటి, పెద్దవాళ్ల ఛాతీ స్కాన్‌కు డీఎల్‌పీని 0.014తో గుణించి ఎఫెక్టివ్ డోస్ (అవయవాల డోస్‌లను వాటి సున్నితత్వాన్ని బట్టి కలిపినది) అంచనా వేయడం. డీఎల్‌పీ 400 అయితే 5.6 మిల్లీసీవర్ట్. మీకు 7 వస్తే కంగారు లేదు, 0.6 లేదా 50 వస్తే యూనిట్లు తప్పాయి. రెండోది, ఏఏపీఎం 204వ రిపోర్టులోని సైజు గుణకాలు. 32 సెంటీమీటర్ల ఫాంటమ్ ఆధారంగా ఇచ్చిన సీటీడీఐవాల్‌ను 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పిల్లవాడికి సుమారు 1.78తో, 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వ్యక్తికి 0.85తో గుణించాలి. పుంజంలో పూర్తిగా పడిన అవయవాల డోస్ ఆ చుట్టుపక్కలే ఉండాలి.

ఎఫెక్టివ్ డోస్ రిఫరెన్స్ మనిషికి నిర్వచించిన రాశి. ఒక ఫలానా రోగికి క్యాన్సర్ ముప్పు ఇంత అని దాన్నుంచి చెప్పకండి. ముఖ్యంగా గర్భిణి స్కాన్ విషయంలో లెక్క అడిగితే, అర్హత ఉన్న ఫిజిసిస్ట్ సరిచూడకుండా ఒక్క నంబరు కూడా నోటి మాటగా ఇవ్వకండి. ఆ నంబరు పట్టుకుని ఒక కుటుంబం ఎంత టెన్షన్ పడుతుందో, ఎంత పెద్ద నిర్ణయం తీసుకుంటుందో మనకు తెలియదు.

మెట్టు 10: అనిశ్చితి కలిపి రాయడం

ప్రతి మెట్టులో మిగిలిన తేడాను వర్గాలు చేసి కూడి వర్గమూలం తీయండి. ఉదాహరణకు చాంబర్ కాలిబ్రేషన్ 3 శాతం, అమరిక 2, స్పెక్ట్రమ్, బౌటై కలిపి 4, గణాంకం 1, మాడ్యులేషన్, అవయవాల హద్దులు కలిపి 5 అనుకుంటే మొత్తం 7.4 శాతం. రెండు సిగ్మాలకు, అంటే దానికి రెట్టింపు, దాదాపు 15. కాబట్టి “కాలేయం డోస్ 12.37 మిల్లీగ్రే” అని రాయడం తప్పు. “12.4 ± 1.8” అని రాయండి, ఆ 1.8 రెండు సిగ్మాలదని కూడా చెప్పండి.

రిపోర్టులో ఇవి ఉండాలి: కోడ్ పేరు, వెర్షన్, ఫోటాన్ల సంఖ్య, హెచ్‌వీఎల్ కొలిచిందీ మోడల్‌దీ, ఐదు రంధ్రాల నిష్పత్తులు విడివిడిగా, స్కాన్ పొడవు ఎలా తీశారో, ఎంఏ ఎక్కడి నుంచి వచ్చిందో, ఫాంటమ్ ఏదో.

చివరగా మెట్టు 1, 5ల ఇన్‌పుట్ ఫైళ్లను జవాబులతో సహా ఒక ఫోల్డర్‌లో దాచి పెట్టండి. కోడ్ కొత్త వెర్షన్‌కు మారినా, స్కానర్ ట్యూబ్ మార్చినా, కంప్యూటర్ మారినా ముందు ఆ ఫోల్డర్ మొత్తం నడపండి. ట్యూబ్ మారితే మెట్టు 2 నుంచి 4 వరకు కొలతలు కూడా కొత్తగా తీయాలి.